ధనుర్మాసం గోదారి, మాఘం స్పితి: సంచీ సర్దుకోవడం

శుక్రవారం: ధవళేశ్వరం, రాజమండ్రి

ధనుర్మాసంలో ముహూర్తాలుండవు. అమలాపురంలో ఫోటో స్టూడియో నడిపే మా మేనత్త కొడుక్కి ఈ నెలంతా ఖాళీ, ఆయన లెన్సులకీ ఖాళీ. ఫిబ్రవరిలో నేను సిమ్లా, కిన్నౌర్ మీదుగా హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్తున్నాను, కేవలం కొండల ఫోటోల కోసం. ఏది మొయ్యాలో, ఏది వదిలెయ్యాలో డబ్బులు పెట్టకముందే తేలాలి. అందుకని బావ స్టూడియో బీరువా మొత్తం కారెక్కించి, గోదారి పాయల వెంట సముద్రం దాకా వెళ్ళొద్దామన్నాను.

"కొండల సామానుకి పరీక్ష, కొండే లేని చోటా?" అన్నాడు బావ.

నా లెక్క వేరే. కొండ ఎదురుగా ఉంటే సగం పని కొండే చేసిపెడుతుంది. ఏ లెన్సు తగిలించినా చూసినవాళ్ళు అబ్బ అంటారు. ఆ అబ్బ లెన్సుకో కొండకో తెలీదు. కొబ్బరిచెట్టుని మించి ఎత్తైనదేదీ లేని డెల్టాలో ఆ సాయం దొరకదు. ఇక్కడ ఏ లెన్సు ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో బట్టబయలైపోతుంది.

కారులో ఉన్నవి ఇవీ: నా ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్ము సైజు సెన్సరున్న) మిర్రర్‌లెస్ కెమెరా, దానికి 24-105 ఎఫ్/4. బావవి 16-35 ఎఫ్/4, డీఎస్ఎల్ఆర్ రోజుల నాటి 70-200 ఎఫ్/2.8, దానికో అడాప్టర్. బావ స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన 70-200 ఎఫ్/4. స్టూడియోలో ఏనాడో కొని మూలపడేసిన 20 ఎంఎం ఎఫ్/1.8. రెండు ట్రైపాడ్లు, ఒకటి మూడు కిలోలు దాటే అల్యూమినియంది, ఇంకోటి కిలోన్నరలోపు కార్బన్ ఫైబర్‌ది. ఫిల్టర్ల డబ్బా ఒకటి. 24-105 లాంటి అంకెలు లెన్సు ఫోకల్ లెంగ్తు, మిల్లీమీటర్లలో (ఎంఎం): చిన్నదైతే దృశ్యం వెడల్పుగా పడుతుంది (వైడ్), పెద్దదైతే దూరపువి దగ్గరగా కనిపిస్తాయి (టెలి). ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే వెలుతురొచ్చే ద్వారం (ఎపర్చర్) అంత పెద్దది.

డెల్టాలోకి దిగేముందు ధవళేశ్వరంలో జనార్దనస్వామి గుడి ఉన్న గుట్ట ఎక్కాం. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన చోటు ఇదే. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ, ధవళేశ్వరం నుంచి ర్యాలి, మద్దూరు మీదుగా విజ్జేశ్వరం దాకా 175 గేట్లు. బావ ముందు 16-35 తగిలించమన్నాడు. ల్యాండ్‌స్కేప్ అంటే వైడ్ అన్నది ఆయనకి వేదవాక్కు. 16 ఎంఎం దగ్గర మూల నుంచి మూలకి 107 డిగ్రీలు పడుతుంది. పడింది కూడా: బోలెడంత ఆకాశం, బోలెడంత నీళ్ళు, మధ్యలో బ్యారేజీ ఒక సన్నటి గీత. అంత పొడుగు కట్టడం ఎక్కడుందో వేలు పెట్టి చూపించాల్సొచ్చింది.

తర్వాత 200 దగ్గర చూశాం, 12 డిగ్రీలు. గేట్లు ఒకదాని వెనక ఒకటి ఒత్తుకుని నిలబడ్డాయి, వాటి వెనక అవతలి గట్టు మీది చెట్లు ఎత్తుగా లేచాయి. దీన్ని చాలామంది లెన్సు మహిమంటారు. అసలు మహిమ నిలబడ్డ చోటిది. మనం దూరంగా నిలబడితే దగ్గరివాటికీ దూరపువాటికీ పరిమాణంలో తేడా తగ్గిపోతుంది, టెలి లెన్సు ఆ దూరపు ముక్కని కత్తిరించి పెద్దగా చూపిస్తుంది, అంతే. స్పితిలోనూ ఇదే జరగాలి. లోయకి ఇవతల నిలబడి 16 ఎంఎంతో తీస్తే ఆరువేల మీటర్ల శిఖరం కూడా గుట్టలా కనిపిస్తుంది. కొండల్లో వైడ్ లెన్సు పట్టుకుని ఊరికే వ్యూపాయింట్లో నిలబడినవాళ్ళు ఇంటికొచ్చి, అక్కడ ఉన్నంత ఎత్తు ఫోటోలో రాలేదని వాపోవడం ఇందుకే.

సాయంత్రం రాజమండ్రి పుష్కరాల రేవులో కూర్చున్నాం. సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతున్నాడు. 1997లో రిటైరైన హేవ్‌లాక్ వంతెన స్తంభాలు, దాని పని అందుకున్న ఆర్చ్ వంతెన, రెండూ ఒకే ఫ్రేములో. ఇక్కడే బావతో మొదటి వాదన. 70-200లో ఎఫ్/2.8 కావాలా, ఎఫ్/4 చాలా? పాతతరం ఎఫ్/2.8 కిలోన్నర బరువుంది, ఎఫ్/4 దాంట్లో సగం పైచిలుకు.

"ఎఫ్/2.8 లేకపోతే చీకట్లో చేతులెత్తెయ్యాలిరా" అన్నాడు.

"మీ కల్యాణమండపంలో పెళ్ళికూతురు కదులుతుంది బావా. కొండ కదలదుగా."

చీకటి పడుతుంటే రెండింటినీ ఒకే ట్రైపాడ్ మీద పెట్టి, రెండింటినీ ఎఫ్/8 దగ్గర, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే స్థాయి) 100లో, రెండు సెకన్లు తీశాం. ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూస్తే ఏది ఏ లెన్సుదో బావ చెప్పలేకపోయాడు. ఎలాగూ ఎఫ్/8కీ ఎఫ్/11కీ మధ్య తీసే పనికి ఎఫ్/2.8 అద్దాన్ని మొయ్యడం దండగ. బావ మాత్రం ఒప్పుకోలేదు. రైలొచ్చినప్పుడు ఎఫ్/2.8 పెట్టి చేత్తో తీసి, "ఇది తియ్యి చూద్దాం ట్రైపాడ్‌తో" అన్నాడు. ఆ ఫోటో బావుంది, కాదనను. స్పితిలో రైళ్ళు లేవు.

శనివారం: ద్రాక్షారామం నుంచి దిండి దాకా

తెల్లవారుజామునే బయల్దేరి కడియం నర్సరీలు చీకట్లోనే దాటేశాం. ద్రాక్షారామం దాటేసరికి తెల్లారింది, కానీ ఏమీ కనిపించదు. పొగమంచు. ఎక్కడో గుడి మైకులో తిరుప్పావై. దాళ్వాకి దమ్ము చేసిన చేలు నిండా నీళ్ళతో ఉన్నాయి, కొన్నిట్లో అప్పుడే ఊడ్పులు మొదలయ్యాయి.

నాకు కావలసింది ఇదే. పొగమంచుకీ, స్పితిలో నేలంతా పరుచుకునే మంచుకీ కెమెరా విషయంలో చిక్కు ఒకటే. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తనకి కనిపించిందాన్ని మధ్యస్థమైన బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. ఎదురుగా అంతా తెలుపైతే ఆ తెలుపుని కూడా బూడిద చేసేస్తుంది. మొదటి ఫోటోలో చేలన్నీ వానాకాలం సాయంత్రంలా మురికిగా వచ్చాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు లెక్కని మనం సరిదిద్దే మీట) ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యేంత, పైకి జరిపితే పొగమంచు పొగమంచులా వచ్చింది. ఎండ పడిన మంచుకైతే ఒకటిన్నర, ఒక్కోసారి రెండు స్టాపుల దాకా పెంచాలి. ఎంత అన్నది స్క్రీన్ చూసి చెప్పలేం, తెల్లటి వెలుగులో స్క్రీన్ మోసం చేస్తుంది. హిస్టోగ్రాం, అంటే ఫోటోలోని వెలుగునీడల గ్రాఫు, కుడి అంచుకి దగ్గరగా చేరాలి, అంచుని కొట్టుకోకూడదు. రా ఫైల్‌లో (కెమెరా దిద్దకుండా వదిలిన ముడి రూపంలో) తీస్తే కొంత వెసులుబాటుంటుంది గానీ, పూర్తిగా తెల్లబడి మాడిపోయిన చోట తిరిగి తెచ్చేదేమీ ఉండదు.

పొగమంచు పలచబడ్డాక బోదె గట్టు మీద ట్రైపాడ్ పెట్టి, ముందు నారుకట్ట, వెనక కొబ్బరిచెట్లు, రెండూ స్పష్టంగా రావాలని కూర్చున్నాం. బావ అలవాటుగా ఎఫ్/22 తిప్పాడు. ఎపర్చర్ అంత చిన్నదైతే వెలుతురు దాని అంచుల దగ్గర చెదిరి, ఫోటో మొత్తం పలచటి గుడ్డ కప్పినట్టు మెత్తబడుతుంది. దానికన్నా లెక్క మేలు. ఫుల్‌ఫ్రేమ్ మీద 24 ఎంఎం, ఎఫ్/11 అయితే 1.8 మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే చాలు, 0.9 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా పనికొచ్చేంత స్పష్టత వస్తుంది. నారుకట్ట రెండడుగుల దూరంలో ఉంటే ట్రైపాడ్‌ని ఓ అడుగు వెనక్కి జరిపాను. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాక బావ ఎఫ్/22 మాట మళ్ళీ ఎత్తలేదు.

పోలరైజర్ (మెరుపునీ ప్రతిబింబాన్నీ తగ్గించే, తిప్పుకునే ఫిల్టరు) దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు ఆగాం, ఎందుకంటే ఇది కొంటే మంచిది కొనాలి, మంచిదానికి ఖరీదెక్కువ. దమ్ము చేసిన చేలో కొబ్బరిచెట్ల నీడ తలకిందులుగా అద్దంలో పడ్డట్టుంది. పోలరైజర్ తిప్పుతుంటే ఒక చోట ఆ నీడ మాయమైపోయి అడుగున బురద కనిపించింది. ఇంకొంచెం తిప్పితే నీడ మళ్ళీ వచ్చింది. నీటి మీద ప్రతిబింబాన్ని బాగా చెరిపేది నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు. ఆకాశాన్ని బాగా ముదురు చేసేది సూర్యుడికి సరిగ్గా పక్కకి, 90 డిగ్రీల్లో చూసినప్పుడు. అందుకని లెన్సుకి పోలరైజర్ బిగించేసి మర్చిపోవడం పనికిరాదు. పైగా అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది.

ఎత్తైన కొండల మీద ఇంకో తంటా ఉంది. అక్కడ గాలి పలచన, దుమ్మూ తేమా తక్కువ, ఆకాశం ముందే ముదురు నీలం. దానిమీద పోలరైజర్ పూర్తిగా తిప్పితే నలుపైపోతుంది. 16 ఎంఎంతోనైతే ఆకాశంలో ఒక పక్క నల్లటి పట్టీ, ఇంకో పక్క వెలిసిన నీలం, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. అయినా పోలరైజర్ సంచీలో ఉండాల్సిందే అన్నాను. తడి రాళ్ళ మీది జిగేలుమనే మెరుపుని తగ్గించే పని కంప్యూటర్లో తర్వాత చేసుకోలేం. యూవీ ఫిల్టర్ మాత్రం అనవసరం. సెన్సర్ ముందే అతినీలలోహిత కిరణాల్ని ఆపే అద్దం ఉంటుంది. ఫిల్ముల కాలంలో కొండలకి వెళ్ళేవాళ్ళు అది వాడడంలో అర్థముంది, ఇప్పుడది లెన్సుకి మూత లాంటిదే.

కోటిపల్లి రేవులో పంటు ఎక్కేసరికి ఎండొచ్చింది. పంటు మీద మోటారుసైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, ఒక ఆటో, మేము. ట్రైపాడ్ విప్పగానే జనం మా చుట్టూ చేరారు.

"ఏటండీ, రైల్వే లైనుకాండీ?"

కోటిపల్లి–నర్సాపురం రైల్వే లైను ఏళ్ళ తరబడి నలుగుతోంది, గౌతమి పాయలో స్తంభాలు లేచి నిలబడి ఉన్నాయి. ఈ దేశంలో మూడుకాళ్ళ సామాను పట్టుకుని తిరిగేవాడు సర్వేవాడే. కాదండీ, ఫోటోలకండీ అంటే ఒక పెద్దాయన నమ్మలేదు. "ఆయ్, చెప్పకూడదేమోలెండి" అని పక్కకి జరిగాడు. ఎందుకైనా మంచిదని తన చేను ఏ సర్వే నంబరో కూడా చెప్పి వెళ్ళాడు.

పంటు మీద ట్రైపాడ్ ఉత్త బరువే. ఇంజన్ అదురు బల్లల్లోంచి కాళ్ళ ద్వారా తిన్నగా కెమెరాకి చేరుతుంది. చేత్తో పట్టుకుని, మోకాళ్ళు కాస్త వంచి, 1/500 సెకను పెట్టి తీసినవే నిలిచాయి. మనిషి ఒళ్ళు అదురుని తాగేస్తుంది, లోహం తాగదు.

అమలాపురంలో అత్త భోజనం పెట్టి, స్పితి ఎక్కడుందో అడిగి, అక్కడ చలెంతో విని, వెళ్ళొద్దంది. సాయంత్రం బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి పాశర్లపూడి మీదుగా దిండి చేరాం. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. బావకి అప్పుడు పన్నెండు, పదమూడేళ్ళు. రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉండేదనీ, నాన్న పాత ఫిల్ము కెమెరాతో ఇంటి డాబా మీంచి దాన్ని తియ్యడానికి ప్రయత్నించాననీ చెప్పాడు. ఫిల్ము కడిగిస్తే ఒక్క నారింజ మచ్చ కనిపించిందట. ఆయన ఈ వృత్తిలోకి రావడం అక్కడ మొదలైందేమో అనుకున్నాను గానీ అడగలేదు. దోమల పేరు చెప్పి ఏసీ 18లో పెట్టి పడుకున్నాడు.

ఆదివారం: అంతర్వేది

ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తియ్యగానే లెన్సు మీద తెల్లగా ఆవిరి కమ్మేసింది. తుడిస్తే మళ్ళీ కమ్మింది. బయటి గాలిలో తేమ నిండుగా ఉంది, అద్దం చల్లగా ఉంది. చల్లటి అద్దం మీద తేమ నీరవుతుంది, ఇంకేం కావాలి. కారు కిటికీలు దించి, కెమెరాని సంచీలోనే ఉంచి అంతర్వేది దాకా వెళ్ళేసరికి సర్దుకుంది.

స్పితిలో ఇదే తిరగబడుతుంది. శీతాకాలం రాత్రుళ్ళు అక్కడి ఊరు కాజాలో మైనస్ 20 డిగ్రీల దాకా పడిపోతుంది. అంత చలిలో తిరిగిన కెమెరాని పొయ్యి వెలుగుతున్న గదిలోకి తెస్తే, జనం ఊపిరీ టీ ఆవిరీ అన్నీ దాని మీదే నీళ్ళవుతాయి. లెన్సు పైన అయితే తుడవచ్చు, లోపల పడితే ఏం చేస్తాం? బయట ఉన్నప్పుడే గాలి చొరబడని జిప్ కవరులో పెట్టి మూసి, అప్పుడు గదిలోకి తేవాలి. తేమ కవరు మీద పడుతుంది. కెమెరా గది వేడికి వచ్చాకే కవరు తెరవాలి. మెమరీ కార్డు మాత్రం కవరులో పెట్టకముందే తీసుకోవాలి, లేకపోతే ఆ రాత్రి ఫోటోలు చూడ్డానికి ఉండదు. వీటికయ్యే ఖర్చు పాతిక రూపాయల కవర్లు. కొండల సామాను జాబితాల్లో ఇవి ఎక్కడో అడుగున ఉంటాయి, నన్నడిగితే రెండో లెన్సుకన్నా ముందు రాయాలి.

బ్యాటరీల సంగతీ అంతే. చలికి లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది, నిండుగా ఉన్నదే కాసేపట్లో ఎర్రగీత చూపిస్తుంది. ఖాళీ అయిందని పారేసుకోకుండా చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటే చాలామటుకు మళ్ళీ లేస్తుంది. ఒకటి కెమెరాలో, రెండు జేబులో, వంతులవారీగా. మిర్రర్‌లెస్‌కి స్క్రీనూ సెన్సరూ ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి కాబట్టి డీఎస్ఎల్ఆర్ కన్నా ఆకలెక్కువ. అందుకని నాలుగు తీసుకెళ్తున్నాను.

అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు నడిచాం. వశిష్ట సముద్రంలో కలిసే చోటు, ఒక పక్క మట్టిరంగు నీళ్ళు, ఇంకో పక్క ఉప్పునీళ్ళు. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఇక్కడ లెన్సు లెక్క చాలా సులువు. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ. సెన్సర్ మీద అతని బొమ్మ, లెన్సు ఫోకల్ లెంగ్తుని 110తో భాగిస్తే ఎంతో అంత. 200 ఎంఎంతో 1.8 మిల్లీమీటర్లు, 16 ఎంఎంతో 0.15. సెన్సర్ ఎత్తు 24 మిల్లీమీటర్లు. వైడ్ లెన్సులో సూర్యోదయం అంటే ఒక చుక్క, దాని చుట్టూ రంగులు. రంగులే కావాలనుకుంటే తప్పులేదు. పడవ వెనక గుండ్రటి సూర్యుడు కావాలంటే టెలి తప్ప దారిలేదు. స్పితిలో శిఖరం అంచున చంద్రుడు లేచినా ఇదే లెక్క.

ట్రైపాడ్లకి అసలు పరీక్ష ఈ ఇసుకలోనే జరిగింది. అల వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుక లాక్కుపోతుంది, ఎక్స్‌పోజర్ మధ్యలో ట్రైపాడ్ కుంగుతుంది. కాళ్ళని పూర్తిగా విప్పకముందే నిలువుగా గట్టిగా దించి, తర్వాత వెడల్పు చెయ్యాలి. మెత్తటి మంచులోనూ అంతే, ముందే బార్లా విప్పితే కిందికి నొక్కినప్పుడు కాళ్ళు ఇంకా విచ్చుకుని కీలు విరుగుతుంది. నీళ్ళలో నిలబెట్టాల్సొస్తే అన్నిటికన్నా అడుగున ఉండే సన్నటి భాగాన్ని ముందు పూర్తిగా లాగాలి, బిగించే కీళ్ళు నీటికి పైన ఉండిపోతాయి. మధ్యలో లేచే కడ్డీ ఎత్తకూడదు, గాలికి అదే మొదట ఊగేది. అది లేని ట్రైపాడ్ దొరికితే ఇంకా మంచిది.

పదిస్టాపుల ఎన్‌డీ ఫిల్టరు బావకి ముద్దు. వెలుతురుని వెయ్యో వంతుకి తగ్గిస్తుంది, 1/60 సెకను కాస్తా దాదాపు 17 సెకన్లవుతుంది. అలలన్నీ కరిగి పొగైపోయాయి. "చూశావా" అన్నాడు. చూశాను. సముద్రమో సరస్సో తెలీదు, అంతర్వేదో ఐస్‌లాండో తెలీదు. అదే తెల్లవారుజామున, ఫిల్టరేమీ లేకుండా, ఎఫ్/11, ఐఎస్ఓ 100, అర సెకను పెడితే వెనక్కిపోయే నీరు ఇసుక మీద గీసిన గీతలన్నీ వచ్చాయి. ఎన్‌డీ డబ్బా సంచీలోంచి తీసేశాను. కొండవాగు మీద ఎండ పడ్డప్పుడు కావాలంటే పోలరైజరే రెండు స్టాపులు తగ్గిస్తుంది.

తిరిగొచ్చే దారిలో ఇసుకలో అల్యూమినియం ట్రైపాడ్ బావ భుజం మీదుంది, మాటలు తగ్గాయి. అప్పుడే ఆయనకి శామ్యూల్ బోర్న్ అనే ఆనాటి బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ సంగతి చెప్పాను. 1866లో ఆయన మానిరంగ్ కనుమ దగ్గర ఫోటో తీశాడు, 18,600 అడుగుల ఎత్తున. ఆ కనుమ ఉన్నది కిన్నౌర్‌కీ స్పితికీ మధ్యే, నేను వెళ్తున్న వైపే. ఆ రోజుల్లో గాజుపలకకి మందు పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీసి, తడి ఆరకముందే అక్కడికక్కడే కడగాలి. అంటే గాజుపలకలు, మందు సీసాలు, చీకటి గుడారం, అన్నీ కొండెక్కాలి. పదులకొద్దీ కూలీలు మోశారు.

"కూలీల ఫోటో ఏదైనా ఉందా?" అని బావ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

గెస్ట్‌హౌస్‌లో బోరు నీళ్ళతో రెండు ట్రైపాడ్లూ కడిగి, కీళ్ళు విప్పి ఆరబెట్టాం. ఉప్పు ఊరుకోదు. అల్యూమినియం కీళ్ళలో అప్పుడే కరకరమంటోంది. చలిలో దానికింకో దుర్గుణం కూడా ఉంది, మైనస్ 15లో వట్టి చేత్తో ఆ లోహం పట్టుకోలేం. కార్బన్ వేడిని అంత తొందరగా లాగెయ్యదు. ట్రైపాడ్ దగ్గర నిర్ణయం అయిపోయింది, మిగతావాటికన్నా ముందు డబ్బు పెట్టాల్సింది దీనిమీదే.

సోమవారం: యానాం, కోరంగి, అమలాపురం

పొద్దున్న యెదుర్లంక దగ్గర, యానాం వెళ్ళే బాలయోగి వారధికి ఇవతల ఆగాం. గౌతమి ఇక్కడ ఎంత వెడల్పంటే బావ మళ్ళీ 16-35 తీశాడు. నేను 50 దగ్గర కెమెరాని నిలువుగా పెట్టి, ఎడమ నుంచి కుడికి, ప్రతి ఫోటోలోనూ ముందుదానిలో మూడో వంతు మళ్ళీ పడేట్టు వరసగా తీశాను. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఫోకస్ మూడూ మాన్యువల్‌లో కదలకుండా ఉంచాలి, పోలరైజర్ తీసెయ్యాలి. కంప్యూటర్లో అతికిస్తే వారధి మొత్తం వచ్చింది, సన్నటి గీతలా కాదు, వారధిలా. కొండల వరసకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలీదు.

కోరంగి మడ అడవుల్లో మాత్రం బావ గెలిచాడు. 1839 తుపాను ఊడ్చెయ్యకముందు ఇక్కడ ఓడల రేవుండేది, ఇప్పుడు 1978 నుంచీ అభయారణ్యం. చెక్కబాట మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, పైన దట్టంగా ఆకులు. బావురుపిల్లి, నీటికుక్క ఉంటాయని బోర్డులున్నాయి, మాకు పీతలే కనిపించాయి. వెనక్కి జరగడానికి చోటు లేదు. వేళ్ళు మూడడుగుల్లోనే ఉన్నాయి కాబట్టి ఫోటోలు వరసగా తీసి అతికిస్తే అతుకులు కుదరవు. చెక్కబాట మీద ఎవరు నడిచినా ట్రైపాడ్ వణుకుతోంది. 16 ఎంఎం అక్కడ హాయిగా పనిచేసింది, దగ్గరి వేళ్ళు పెద్దవిగా, అడవి లోతుగా.

"మరి స్పితిలో గొంపా, అదే బౌద్ధ మఠం, లోపలో? చిన్న గదులు, దీపాల వెలుతురు" అన్నాడు బావ. అది నిజమే. తియ్యనిస్తే, అన్నది వేరే సంగతి.

అప్పుడు 20 ఎంఎం ఎఫ్/1.8 గుర్తొచ్చింది. తగిలించి చూశాం. 16 అంత వెడల్పు లేదు, కానీ ఎఫ్/4 కన్నా దాదాపు అయిదు రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది, జేబులో పడుతుంది. చెక్కబాట వణుకు ఆగిందాకా కాచుకోకుండా చేత్తోనే తీసేశాను. స్పితి రాత్రుళ్ళు నక్షత్రాలకీ ఇదే సరి. 500ని ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే ఎన్ని సెకన్ల దాకా నక్షత్రాలు గీతలు కాకుండా నిలుస్తాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది, 20కి 25 సెకన్లు. ఇప్పటి సెన్సర్లకి అది కాస్త ఎక్కువే, 15 దగ్గర ఆపుతాను. ఎఫ్/4తో అంత తక్కువ సమయంలో ఆకాశం నల్లగానే ఉండిపోతుంది.

రాత్రి అమలాపురం స్టూడియోలో బల్లమీద అన్నీ పరిచాం. పక్క కిరాణా కొట్టాయన కాటా అరువిచ్చాడు. కెమెరా, 24-105, 70-200 ఎఫ్/4, 20, కార్బన్ ట్రైపాడ్, పోలరైజర్, నాలుగు బ్యాటరీలు, కవర్లు కలిపి అయిదు కిలోల లోపే వచ్చింది. వాటిలో 20, 70-200 ఎఫ్/4, కార్బన్ ట్రైపాడ్ తీసేసి, బదులుగా 16-35, ఎఫ్/2.8, అల్యూమినియం ట్రైపాడ్ వేసి తూస్తే ఎనిమిది దగ్గరపడింది. సుమారు 3,700 మీటర్ల ఎత్తున కాజాలో ఊపిరందక మెట్టు మెట్టుకీ ఆగేటప్పుడు ఆ మూడు కిలోలు ఎవరు మోస్తారని అడిగాను.

బావ ఎఫ్/2.8 ఎత్తి బీరువాలో పెట్టేశాడు. "నువ్వడిగినా ఇవ్వను. మాఘంలో వరసగా ముహూర్తాలు. నీ కొండలకోసం నా పెళ్ళిళ్ళు మానుకోనా?"

20 ఎంఎం ఇస్తానన్నాడు, హల్దీ ఫంక్షన్లకి తప్ప దాన్ని వాడడట. 70-200 ఎఫ్/4 హైదరాబాదులో రోజుల లెక్కన అద్దెకి తీసుకుంటాను. కార్బన్ ట్రైపాడ్ కొనాలి, బావదాన్ని తీసుకుపోవడానికి అత్త ఒప్పుకుంది గానీ బావ ఒప్పుకోలేదు.